మామగారిని పడేసే పద్ధతి

నాకు జుజుత్సు రాదు. అమెరికాలోని ట్రాయ్ అనే ఊళ్ళో మూడు చలికాలాలు వరసగా నేర్చుకున్నాను కాబట్టి ఈ మాట పూర్తి అధికారంతో చెప్పగలను.

చేతిలో ఆయుధం లేకుండా అవతలి మనిషిని పట్టుకుని, తిప్పి, కింద పడేసి, కదలకుండా అదిమిపెట్టే పాత జపాన్ విద్య అది. రెండువేల పది దాటిన కొత్తల్లో, కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తూ నేను కుర్చీలోనే కాపురం పెట్టాను. పొట్ట స్టీరింగ్‌ను పలకరించడం మొదలుపెట్టింది. జిమ్‌లో చేరమంది మా ఆవిడ. జిమ్‌లో గోడల నిండా అద్దాలుంటాయి, నాకేమో నన్ను చూసుకోవాలని లేదు. కమ్యూనిటీ సెంటర్‌లో జుజుత్సు క్లాసు జరిగే గదికి అద్దాలు లేవు. అందులో చేరడానికి నాకున్న కారణం అదొక్కటే.

నేర్పే ఆవిడ పొడుగాటి అమెరికన్. పగలు హైస్కూల్లో అల్జీబ్రా చెబుతుంది, సాయంత్రం మా మెడలు వంచుతుంది. అందరూ ఆవిడను సెన్సే అంటారు. గురువు అన్నమాట.

మొదటి నెలలోనే నా పరువు గంగలో కలిసింది. అవతలివాడు అడుగు వేస్తుండగా మన పాదంతో వాడి పాదాన్ని పక్కకు ఊడ్చేసే పట్టొకటి నేర్పారు. నా జతగాడు ఒక ఫైర్‌మన్. వాడి పాదానికి నా పాదం తగిలింది. మన కాలు ఎవరికైనా పొరపాటున తగిలితే ఏం చేస్తాం? వంగి, వాళ్ళను తాకి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకుంటాం. నా చెయ్యి నన్ను అడగకుండానే ఆ పని చేసేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఫైర్‌మన్ అవతల పడేశాడు.

"ఏంటది? ప్రార్థనా?" అంది సెన్సే.

"సారీ చెప్పాను."

"తన్నబోయే మనిషికా?"

తర్వాత వారాల్లో క్లాసంతా కిటుకు కనిపెట్టేసింది. వాళ్ళే వచ్చి నా కాలికి తమ కాలు తగిలించేవాళ్ళు, నేను వంగేవాణ్ణి, వాళ్ళు తోసేవాళ్ళు. ఏడాది గడిచినా నా బెల్టు తెల్లగానే ఉండిపోయింది. ఇంట్లో మాత్రం నా డప్పు నేనే కొట్టుకునేవాణ్ణి. ఫలానా వాణ్ణి ఇలా తిప్పాను, ఇంకొకణ్ణి అలా లేపాను అని కూరగాయల కత్తి పక్కన పెట్టి మరీ అభినయించేవాణ్ణి. మా ఆవిడ కాసేపు చూసి, ఉల్లిపాయలు తరగమనేది.

రెండో చలికాలంలో మాకు అమ్మాయి పుట్టింది. పురిటికి సాయంగా మా అత్తగారూ మామగారూ ఆర్నెల్లు ఉందామని వచ్చారు. ఇక్కడొక సంగతి చెప్పాలి. అప్పటికి మా పెళ్ళయి నాలుగేళ్ళయింది, మా మామగారు నన్ను చూడటం అదే మొదలు. మాది కరీంనగర్ వైపు, వాళ్ళది భీమవరం పక్కన. కులం వేరు, యాస వేరు, పప్పులో వేసే పులుపు కూడా వేరు. ఇంట్లో ఒప్పుకోరని మా ఆవిడకు భయం, తన భయం చూసి నాకు భయం. ఇక్కడి గుడిలో నలుగురు స్నేహితుల మధ్య పెళ్ళి చేసేసుకుని, తర్వాత ఫోన్ చేసి చెప్పాం. ఆ తర్వాత అత్తగారు మాట్లాడుతూ వచ్చారు కానీ ఆయన ఫోన్ దగ్గరికే రాలేదు.

ఎయిర్‌పోర్టులో నేను అన్నిటికీ సిద్ధపడి నిలబడ్డాను. మొహం తిప్పుకుంటారేమో, నలుగురిలో నిలదీస్తారేమో అనుకున్నాను. ఆయన ట్రాలీ ఆపి, రెండు చేతులూ జోడించి, "బాగున్నారా అల్లుడుగారూ! మా వల్ల మీకు ఆఫీసు పాడైందేమో," అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అత్తగారితో ఏ గొడవా లేకపోయింది. వచ్చిన మూడో రోజే, "గిన్నెలు తోమడమంటే నీళ్ళు చూపించడం కాదు," అని నన్ను చెడామడా తిట్టారు, ఆ పూటతో మా లెక్క తేలిపోయింది. మామగారు మాత్రం మర్యాదతో చంపేశారు. నేను హాల్లోకి వస్తే టీవీ సౌండ్ తగ్గించేవారు. చలేస్తున్నా హీటర్ పెంచమని అడిగేవారు కాదు, శాలువా మీద శాలువా కప్పుకుని కూర్చునేవారు. మా ఇంట్లో కాఫీ తాగడానికి నా అనుమతి కావాలన్నట్టు చూసేవారు. నేనూ తక్కువ తినలేదు. ఆయన ముందు నా యాసంతా మడిచి పెట్టి, రేడియోలో వార్తలు చదివేవాడిలా మాట్లాడేవాణ్ణి. "మామయ్యగారూ, భోజనానికి దయచేయండి," అంటే మా ఆవిడ వంటింట్లో నోరు నొక్కుకుని నవ్వేది.

"మంచిగనే మాట్లాడుతున్నడు కదా, ఇంకేం కావాలె నీకు?" అన్నాడు ఫోన్‌లో మా నాన్న.

నాకేం కావాలో నాకు తెలుసు. మా ఇంట్లో తిట్టు అంటే పలకరింపు. మా నాన్న నన్ను పూర్తి పేరుతో పిలిచాడంటే ఎక్కడో ఏదో కీడు జరిగిందని అర్థం. ఈయన నన్ను ఒక్కసారి తిట్టాలి. కడుపులో ఉన్నదంతా కక్కేసి, తిట్టి, అప్పుడు క్షమిస్తారో మానేస్తారో ఆయన ఇష్టం. ఆర్నెల్లలో ఆ పని జరగకపోతే ఈ మనిషి అలాగే నమస్కారం పెట్టేసి విమానం ఎక్కేస్తారు. మళ్ళీ ఎప్పుడొస్తారో, వస్తారో రారో. నా కూతురికి తాతగారు, నాకేమో అతిథిగారు. ఆ ఆలోచన వస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

జనవరిలో ఒక పొద్దున చెత్తడబ్బా రోడ్డు దాకా లాక్కెళ్ళడానికి ఆయన నాతో బయటికి వచ్చారు. సాయం చేస్తానని. డ్రైవ్‌వే మీద మంచు గడ్డకట్టి అద్దంలా ఉంది. జారితే ఎలా పడాలో నేను ఆయనకు వివరించడం మొదలుపెట్టాను: గడ్డం ఛాతీకి ఆనించాలి, చేతులు వెనక్కి పెట్టకూడదు, శరీరం గుండ్రంగా ఉండాలి. అంతలో ఆయన జారి, చతికిలబడ్డారు. నేను కంగారుగా పరిగెత్తి, ఒక్క సూత్రం కూడా గుర్తు రాకుండా వెల్లకిలా పడ్డాను. చెత్తడబ్బా నా మీద పడింది. ఆయన మెల్లగా లేచి వచ్చి, నా మీది అరటి తొక్క తీసి, "దెబ్బేమైనా తగిలిందాండీ?" అన్నారు.

కిటికీలోంచి చూస్తున్న మా ఆవిడ పిల్లనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏడాది పాటు నేర్చుకున్నది ఇదేనా?"

ఆ రోజు నుంచి అత్తగారు మామగారిని గడప దాటనివ్వలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కాలవ గట్ల మీద తిరిగిన ఇరిగేషన్ ఇంజనీరాయన. ఇప్పుడు హాల్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరుగుతూ బాలింత విశ్రాంతికి అడ్డం పడ్డారు. చివరికి మా ఆవిడే విసుక్కుని, "మీరిద్దరూ ఎక్కడికైనా పొండి బాబూ," అని తరిమేసింది. మంచులో మగవాళ్ళిద్దరు ఎక్కడికి పోతారు? సెన్సేని అడిగితే, తప్పకుండా తీసుకురమ్మంది. ఆ వయసువాళ్ళు అందరికంటే ముందు నేర్చుకోవలసింది పడటమేనట.

తెల్ల దుస్తుల్లో మామగారు పౌరోహిత్యానికి వచ్చినట్టున్నారు. చెప్పులు బయట వదలడం, లోపలికి వస్తూ వంగి నమస్కరించడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ముందు గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, తర్వాత నిలబడి పడటం, పడేటప్పుడు అరచేతులతో చాపను ఫట్‌మని చరచడం. ఆ చరుపు ఆయనకు తెగ నచ్చింది. ఇంట్లో కార్పెట్ మీద సాధన చేసేవారు. ఆ చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి ఏడ్చేది, అత్తగారు వంటింట్లోంచే తిట్లు మొదలుపెట్టేవారు. మామగారి మొహంలో నవ్వు నేను మొదటిసారి చూసింది అప్పుడే. అది నా వల్ల వచ్చిందని గర్వపడబోయి, పిల్ల వల్ల కూడా కావచ్చని తగ్గాను.

మార్చి వచ్చేసరికి సెన్సే ఆయనకు ఒక పట్టు నేర్పడానికి ఒప్పుకుంది. అవతలి మనిషిని నడుం మీదికి ఎక్కించుకుని అటువైపు దించడం. కింద లావాటి పరుపు వేయించింది. ఎత్తులోనూ బరువులోనూ ఆయనకు సరిజోడు క్లాసులో నేనొక్కణ్ణే.

"కానివ్వండి అల్లుడుగారూ."

"పెద్దవారు, ముందు మీరు కానివ్వండి."

"అబ్బే, ఇక్కడ మీరు సీనియర్లు కదండీ."

ఇలా ఒకరినొకరు బతిమాలుకుంటుండగా మిగతావాళ్ళు ఆరేడుసార్లు పడి లేచేవాళ్ళు. చివరికి నేను ఆయన నడుం మీద చెయ్యి వేసేవాణ్ణి. ఇంకా లాగనే లాగను, ఆయన మర్యాదగా పరుపు మీద పడుకుని ఉండేవారు. అల్లుడికి శ్రమ ఎందుకని. ఆయన వంతు వచ్చినప్పుడు నా చొక్కా కొసను రెండు వేళ్ళతో పట్టుకునేవారు. నేను ఎగిరి, ఆయన నడుం మీదుగా నా అంతట నేనే దూకి, ఫట్‌మని పడి, "బ్రహ్మాండం మామయ్యగారూ!" అనేవాణ్ణి.

కొన్ని వారాలు చూసి సెన్సే నన్ను పక్కకు పిలిచింది. "ఆయన నిన్ను పడెయ్యడం లేదు. నువ్వు దూకుతున్నావు. నువ్విలా దూకినన్నాళ్ళూ ఆయనకు ఏమీ రాదు."

మా దగ్గర అల్లుడంటే ఏమిటో వివరించాను. పెళ్ళిలో పిల్ల తండ్రి అల్లుడి కాళ్ళు కడుగుతాడని, అలాంటప్పుడు ఎత్తి కుదెయ్యడం కుదరదని చెప్పాను.

"నీ కాళ్ళు కడిగాడా?"

"లేదు. పెళ్ళికి రాలేదు."

"మరి దేనికి ఈ మర్యాద?" అని ఆవిడ వెళ్ళిపోయింది. అల్జీబ్రా టీచర్లతో ఇదే బాధ. నాకు ఒళ్ళు మండింది. మా సంగతులు ఆవిడకేం తెలుసని కారు దాకా గొణుక్కుంటూ నడిచాను. కారెక్కాక ఆవిడ అడిగినదాన్నే తిరగేస్తూ, మామగారు సీటుబెల్టు పెట్టుకునేదాకా ఆగి బండి తీశాను.

దారిలో ధైర్యం చేసి, "మామయ్యగారూ, నా మీద మీకు కోపం ఉంటే చెప్పేయండి," అన్నాను.

"కోపమా? నాకెందుకండీ కోపం? మా అమ్మాయిని బంగారంలా చూసుకుంటున్నారు," అన్నారాయన, శాలువా సర్దుకుంటూ. ఇంటిదాకా ఇద్దరం సిగ్నల్ లైట్లు చూసుకుంటూ కూర్చున్నాం.

వాళ్ళ తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు హాల్లోకి వచ్చేశాయి. అత్తగారు బాదంపప్పులూ చాక్లెట్లూ తూకం వేస్తున్నారు. ఆ వారం చివరి క్లాసు. వెళ్దామా అంటే, "మీకు ఇబ్బంది లేకపోతే," అన్నారు. ఆర్నెల్లు గడిచిపోయాయి, మేము ఎయిర్‌పోర్టులో ట్రాలీ దగ్గర ఎక్కడున్నామో ఇప్పటికీ అక్కడే ఉన్నాం.

క్లాసులో మళ్ళీ అదే పాట. "కానివ్వండి." "ముందు మీరు." సెన్సే దూరంగా చేతులు కట్టుకుని చూస్తోంది. నాకు ఎక్కడి నుంచో మొండితనం వచ్చింది. ఈయన తిట్టరు, నేను అడగలేను, ఎల్లుండి విమానం. ఆయన పడుకోవడానికి సిద్ధమవుతుండగానే చెయ్యి పట్టి లాగి, నడుం మీదికి ఎక్కించుకుని, నిజంగా పడేశాను.

ఏడాదిన్నరలో నేను సరిగ్గా వేసిన మొదటి పట్టు అది. వేసింది పిల్లనిచ్చిన మామ మీద.

ఆయన గడ్డం లోపలికి పెట్టుకుని, గుండ్రంగా పడి, ఫట్‌మని పరుపు చరిచారు. అలాగే వెల్లకిలా కప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. మా అత్తగారికి ఏం చెప్పాలి, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యాలా, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయి అని ఆలోచిస్తూ వంగి, "మామయ్యగారూ, ఏమైంది..." అంటున్నాను.

"నిజంగానే పడేశావే!" అన్నారాయన.

లేచి కూర్చున్నారు. నిలబడ్డారు. బెల్టు బిగించుకున్నారు. నా వైపు వచ్చి, ఈసారి రెండు వేళ్ళతో కాదు, గుప్పెడు నిండా నా కాలర్ పట్టుకున్నారు. నేను దూకడానికి కాళ్ళు సర్దుకునే లోపే నేల నా కిందనుంచి తప్పుకుంది. కమ్యూనిటీ సెంటర్ కప్పు మీద ట్యూబ్‌లైట్లు తలకిందులుగా కనిపించాయి. ఊపిరంతా ఒక్కసారిగా బయటికి పోయింది. ఆ వెంటనే ఆయన నా పక్కటెముకల మీదికి ఒరిగి, ఒక చెయ్యి మెడ చుట్టూ వేసి, నా చెయ్యి చంకలో ఇరికించి, నేర్పినట్టే అదిమిపెట్టారు. ఆయన నోరు నా చెవి పక్కన ఉంది.

"ఏమయ్యా, నేనేమన్నా పులినా?"

నేను తల ఆయన వైపు తిప్పబోయాను, మెడ చుట్టూ ఉన్న చెయ్యి తిప్పనివ్వలేదు.

"పెళ్ళయిపోయింది నాన్నా అని అది ఫోన్‌లో ఏడుస్తోంది. నువ్వెక్కడున్నావ్ అప్పుడు?"

"పక్కనే ఉన్న," అన్నాను. రేడియో వార్తలు ఎటో పోయాయి.

"పక్కనే ఉండి ఫోన్ అందుకోలేకపోయావా? ఇలా చేసుకున్నామండీ, తిట్టుకుంటే తిట్టుకోండి అని ఒక్క ముక్క అనలేకపోయావా? పెళ్ళికి ముందు వచ్చి అడిగితే నీ సొమ్మేం పోయేది? కాదనేవాణ్ణి. నిజమే, కాదనేవాణ్ణి. నెలరోజులు అన్నం మానేసేవాణ్ణి, మీ అత్తయ్యని నానా మాటలూ అనేవాణ్ణి. ఆ తర్వాత ఒప్పుకునేవాణ్ణి కదరా! కాదనే అవకాశం కూడా ఇవ్వలేదే నాకు! నాలుగేళ్ళు తిట్టుకుందామంటే నాకు మనిషే దొరకలేదు!"

ఆయన చెయ్యి మెడ మీద ఇంకా బిగిసింది. నా చెవి పక్కన తడిగా తగిలింది, అది చెమటే అయుండాలని అనుకున్నాను. నా కళ్ళలోంచి కారేది చెమట కాదని నాకు తెలుసు.

చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ తెలుగు రాదు. ఫైర్‌మన్ చప్పట్లు కొడుతూ, "గుడ్ హోల్డ్, అంకుల్!" అని అరిచాడు. క్లాసులో అందరూ ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాళ్ళు.

అదిమిపెట్టినవాళ్ళు వదలాలంటే, కిందవాడు అరచేత్తో రెండుసార్లు తట్టాలి. తట్టగానే ఎంత కోపంలో ఉన్నా, ఎంత బలంగా పట్టినా వదిలేయాలి. అది ఆ విద్యలో మొదటి నియమం. క్లాసులో అందరికంటే త్వరగా తట్టేవాణ్ణి నేనే. చెయ్యి ఖాళీగానే ఉంది. ఊపిరి అందడం లేదు, పక్కటెముకలు కలుక్కుమంటున్నాయి.

"ఆ గడ్డం ఏంటి?" అంటున్నారు మామగారు. "పిల్లనెత్తుకున్నప్పుడల్లా గుచ్చుకుని ఏడుస్తోంది, కనపట్టంలా? కారు నడపడం అదేనా? మలుపు దగ్గర బ్రేకెయ్యవు. ఉప్పు తగ్గించమని నీకెవరూ చెప్పరా? ఈ పొట్ట ఏంటి?"

సెన్సే వచ్చి నా మొహం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నా రంగు చూసి భయపడినట్టుంది.

"బాగానే ఉన్నావా? ట్యాప్ చెయ్," అంది.

"నాట్ యెట్," అన్నాను.